ఆబిడ్స్ కాలిబాటపై ఇంగ్లీషు బేరం

హైదరాబాదు నగరంలో ఒక అంగడివాని పేరు పేటకు పేరై నిలిచిన చోటు ఆబిడ్స్. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ కొలువులో ఆల్బర్ట్ ఆబిడ్ అనే ఆర్మీనియను అంతరంగిక పరిచారకుడుగా ఉండేవాడు. ప్రభువుగారి అభిరుచులు దగ్గరగా ఎరిగిన ఆ మనిషి ఇక్కడ ఒక దుకాణం తెరిచాడు. ఆ దుకాణం ఏనాడో పోయింది. పేరు మాత్రం పోలేదు. పాత తరం హైదరాబాదీలు రిక్షా ఎక్కితే ఆబిడ్స్ అనేవారు కారు, "ఆబిడ్ షాప్" అనేవారు. ఊళ్ళకు రాజుల పేర్లు, దేవతల పేర్లు ఉండడం మనకు తెలుసు. కొనుగోలు చేసే చోటుకు అమ్మినవాని పేరు ఉండడం న్యాయమేననిపిస్తుంది.

మన సంస్థలోని సహోద్యోగులు శిక్షణకో, కార్యాలయపు పనిమీదనో, కుటుంబంతో విహారయాత్రకో హైదరాబాదు వెళ్ళినప్పుడు చార్మినారు, సాలార్‌జంగ్ మ్యూజియం, గోల్కొండ చూసి వస్తారు. ఆదివారం ఉదయం ఆబిడ్స్ కాలిబాట చూసి వచ్చామని చెప్పినవారు మాకు అరుదుగా తటస్థపడ్డారు. మా చదువులో సగభాగం ఆ కాలిబాట మీదనే జరిగింది కనుక దానిని గురించి నాలుగు మాటలు రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాము.

మేము అంటే ముగ్గురం. నల్లగొండ జిల్లాలోని ఒకే గ్రామంలో, ఒకే జిల్లా పరిషత్తు పాఠశాలలో, తెలుగు మాధ్యమంలో పదవ తరగతి వరకు చదివినవారం. 1985 జూన్‌లో ఇంటర్మీడియెట్ కోసం హైదరాబాదు వచ్చి నారాయణగూడలో ఒక ఇంటి మేడమీది గది అద్దెకు తీసుకున్నాము. పదిహేనేళ్ళ వయస్సు. లెక్కలు, భౌతికశాస్త్రం మా ముగ్గురికీ కొట్టిన పిండి. కాని ఆ పిండిని కళాశాలలో ఇంగ్లీషు పాత్రలో పోసి ఇచ్చేవారు. ఆరవ తరగతిలో అక్షరాలతో ప్రారంభించి పదవ తరగతిలో వ్యాసాలు కంఠస్థం చేసిన ఇంగ్లీషు మాది. ప్రశ్న రాసి ఇస్తే జవాబు రాయగలము. ఎవరైనా ఎదురుగా నిలిచి మాట్లాడితే మాత్రం నాలుక అంగిలికి అంటుకునేది. అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అన్న సామెత మావంటివారిని చూసే పుట్టి ఉంటుంది. మా నోటిలోని శని పేరు ఇంగ్లీషు.

నారాయణగూడనుంచి ఆబిడ్స్‌కు కింగ్‌కోఠీ మీదుగా, బొగ్గులకుంట దాటి నడిచి వెళ్ళేవారము. కింగ్‌కోఠీ ప్రాకారం వెంబడి నడుస్తున్నప్పుడు మాలో ఎవరో ఒకరు జేకబ్ వజ్రం ప్రస్తావన తెచ్చేవారు. ఆరవ నిజాము 1891లో అలెగ్జాండర్ జేకబ్ అనే రత్నాల వర్తకునితో బేరమాడిన వజ్రం అది. ఆ బేరంలో మన ఆబిడ్ కూడా మధ్యవర్తి. వ్యవహారం వికటించి కలకత్తా న్యాయస్థానం దాకా పోయింది. తరువాత ఆ 184 కారట్ల పైచిలుకు వజ్రం తండ్రి పాదరక్షలో దొరికిందనీ, కింగ్‌కోఠీలో కాపురమున్న ఏడవ నిజాము దానిని కాగితాలపై బరువుగా పెట్టుకున్నాడనీ చెబుతారు. భారత ప్రభుత్వం 1995లో నిజాము ఆభరణాలతో పాటు దానినీ కొన్నది. తండ్రి ఒకసారి తొడిగిన దుస్తులు మరల తొడగడని ప్రసిద్ధి, కుమారుడు పొదుపుకు ప్రసిద్ధి. జేబులో ఐదు రూపాయలతో ఆ గోడ పక్కన నడిచేవారికి కుమారుడే ఆదర్శప్రాయుడుగా కనిపించడంలో వింత లేదు.

ఇంటినుంచి నెలకు 250 రూపాయలు మనియార్డరు వచ్చేది. గది అద్దెలో వంతు, మెస్సు భోజనం పోగా అరవై రూపాయల వరకు మిగిలేవి. బస్సు, సబ్బు, నోటు పుస్తకాలు, క్షవరం, కిరోసిను అన్నీ అందులోనే. మనియార్డరు ఫారం అడుగున కబురు రాయడానికి రెండంగుళాల చోటు ఉండేది. ఆ చోటులో మా నాన్నలు ముగ్గురూ మాట్లాడుకున్నట్లు ఒకే మాట రాసేవారు: ఆరోగ్యం జాగ్రత్త, ఖర్చు చూసి చేయవలెను. ఆ డబ్బు ఏ వడ్ల బస్తా అమ్మగా వచ్చిందో, ఎవరివద్ద చేబదులు తెచ్చిందో మాకు తెలియనిది కాదు. అందుచేత పుస్తకానికి ఒక రూపాయి పెట్టడమంటే ఒక పూట ఫలహారం మానడమే.

మాలో మూడవవాని తండ్రిగారు గ్రామంలో చిల్లర కొట్టు నడిపేవారు. జమా ఖర్చులు వానికి పుట్టుకతో వచ్చిన విద్య. వాడే మొదటి వారంలో ఒక నియమం చేశాడు. ఉమ్మడి ఖర్చుల పద్దు పుస్తకం ఇంగ్లీషులోనే రాయాలి. పద్దు రాయలేని వస్తువు కొనరాదు. మొదట నవ్వులాటగా ఉన్న ఈ నియమం క్రమంగా శాసనమైంది. టీ, సోప్, బస్, పెన్సిల్ వరకు బాగానే నడిచింది. కిరోసిను దగ్గర స్పెల్లింగు కోసం నిఘంటువు తీయవలసి వచ్చింది. దోమతెర కొనాలంటే మస్కిటో అన్న మాటలో క్యూ అక్షరం ఉంటుందని ఎవరు ఊహిస్తారు? ఆ ఒక్క అక్షరం తేలేవరకు రెండు రాత్రులు దోమలకు ఆహారమయ్యాము. కందిపొడికీ, గోంగూర పచ్చడికీ ఏ నిఘంటువులోనూ మాట దొరకలేదు. అవి లేనిదే మెస్సు అన్నం దిగదు. అప్పుడు మా గుమాస్తా నిఘంటువంతా గాలించి మిసిలేనియస్ అన్న మాటను తెచ్చాడు. నెల తిరిగేసరికి పద్దు పుస్తకంలో అన్నింటికంటె పెద్ద మొత్తం ఆ శీర్షిక క్రిందనే ఉండేది. ఉద్యోగంలో చేరిన తరువాత సివిల్ విభాగపు అంచనాలలో కంటింజెన్సీ పద్దు కనిపించినప్పుడల్లా మాకు గోంగూర వాసన వస్తుంది.

డబ్బు చేతిలో పట్టుకుని తిరిగేవానికి చుట్టూ పాఠ్యపుస్తకమే. మొట్టమొదటి పాఠం పదిరూపాయల నోటు. దానిపై రిజర్వుబ్యాంకు గవర్నరు ఇంగ్లీషులో ఇచ్చిన హామీని వత్తు పొల్లులతో సహా చదివాము. ఈ నోటు తెచ్చిన బేరర్‌కు పదిరూపాయలు చెల్లించగలనని ఆయన వాగ్దానం. ఆనాడు మాకు తెలిసిన బేరర్ ఇరానీ హోటలులో చాయ్ తెచ్చేవాడు ఒక్కడే. దేశపు గవర్నరు హోటలు పనివానికి మాట ఇచ్చాడా అని మాలో తగవు వచ్చింది. తెచ్చినవాడు, మోసినవాడు అన్న మూలార్థం తెలిసిన తరువాత రెండూ ఒకటేనని తేలింది. నోటు తిప్పితే ఎడమవైపు భాషల వరుస ఉంటుంది. ఇంగ్లీషు అక్షరక్రమంలో కూర్చినది కనుక అస్సామీ మొదట ఉండి, చివరనుంచి రెండవది తెలుగు, దాని క్రింద ఉర్దూ. హైదరాబాదు బజారులో నిత్యం కలిసి తిరిగే రెండు భాషలు నోటు మీద కూడా ఇరుగుపొరుగుగా ఉండడం మాకు చాలా ముచ్చటగా ఉండేది. నేడు ఆ వరుసలో 15 భాషలున్నాయి. ఆ ఇరుగుపొరుగు మాత్రం మారలేదు.

రెండవ పాఠం ధరలు. బాటా దుకాణపు అద్దాల వెనుక ప్రతి జోడు ధరా 95 పైసలతో ముగిసేది. వంద రూపాయలు అనిపించకుండా ఐదు పైసలు తగ్గించే ఆ కిటుకు చిల్లర కొట్టు వంశజునికి ఎంతో నచ్చింది. మిగిలిన ఇద్దరం అక్కడ నిలబడి ధరలు ఇంగ్లీషులో చదవడం అభ్యాసం చేసేవారము. కాగితం మీద థర్టీన్, థర్టీ వేరు వేరు. చెవికి ఒకటే. కౌంటరులోని మనిషి చెప్పిన ధర పదమూడా ముప్పయ్యా అన్న సందేహంలో పదిహేడు రూపాయలు ఇమిడి ఉన్నప్పుడు చెవి తనంతట తాను పదునెక్కుతుంది. మాట మొదటి భాగం మీద ఊనిక ఉంటే ముప్పయి, చివరిభాగం సాగితే పదమూడు. ఈ సంగతి తరగతిలో ఎవరూ చెప్పలేదు. ఆనాటి ఐదు పైసల చదరపు అల్యూమినియం నాణెం ఇప్పుడు చెల్లదు. పావలా, దానికి లోపలి నాణేలన్నీ 2011 జూన్ ఆఖరుతో రద్దయ్యాయి.

ప్యాకెట్ల మీద ధర పక్కన లోకల్ టాక్సెస్ ఎక్స్‌ట్రా అని ఉండేది. ఆ ఎక్స్‌ట్రా ఎంత అన్నది అంగడివాని ధర్మబుద్ధిని బట్టి ఉండేది. అన్ని పన్నులూ కలిపిన గరిష్ఠ చిల్లర ధర ముద్రించే పద్ధతి 1990లో వచ్చింది. అంతకు ముందు ఆ రెండు మాటల అర్థం తెలిసినవాడు ఎంత ఎక్స్‌ట్రా అని అడగగలిగేవాడు, తెలియనివాడు అడిగినంత ఇచ్చేవాడు. ఇక బిల్లు కాగితం అడుగున, అమ్మిన సరకు తిరిగి తీసుకోబడదు అన్న వాక్యం ఇంగ్లీషులో ఉండేది. వ్యాకరణ పుస్తకంలో కర్మణి ప్రయోగం ఎందుకు పనికివస్తుందో మాకు ఎంత చదివినా బోధపడలేదు. బిల్లు చూశాక తెలిసింది. తీసుకోనివాడు ఎవడో చెప్పకుండా తీసుకోమని చెప్పడానికి అంతకంటె అనువైన ప్రయోగం లేదు. కార్యాలయపు లేఖలు రాసే మన అందరికీ ఈ సంగతి అనుభవమే.

ఇంగ్లీషు మాట్లాడే దుకాణాలు వేరుగా ఉండేవి. అద్దాల తలుపు, లోపల పంకాల గాలి, ధర చీటీలు, బేరం లేదు. లోపలికి అడుగు పెట్టగానే సేల్స్‌మన్ మే ఐ హెల్ప్ యూ అనేవాడు. సహాయం చేస్తానని అంటాడు, ధర మాత్రం నయాపైసా తగ్గించడు. మా ఊరి అంగడిలో ఏం కావాలి అయ్యా అని అడుగుతారు. ఏం కావాలి అన్నదానికి ఇంగ్లీషులో సహాయం అని పేరని గ్రహించడానికి కొంతకాలం పట్టింది.

1985 దసరా ముందు ఒక పెద్ద బట్టల దుకాణానికి వెళ్ళాము. పేరు అవసరం లేదు. చొక్కా మా మూడవవానికి కావాలి. ఇంటినుంచి పండుగకని ప్రత్యేకంగా 70 రూపాయలు వచ్చాయి. కాళ్ళకు ముగ్గురికీ రబ్బరు చెప్పులే. వాడు ఒక చొక్కా చేతిలోకి తీసుకుని తెలుగులో ధర అడిగాడు. సేల్స్‌మన్ చొక్కాను వాని చేతిలోనుంచి మెల్లగా తీసుకుని మడత పెడుతూ, ధర రాసి ఉంది, చదవడం రాదా అని ఇంగ్లీషులో అన్నాడు. గొంతు పెంచలేదు. పక్కనున్న కొనుగోలుదారులు ఒకసారి చూసి తల తిప్పుకున్నారు.

బయటికి వచ్చి జనరల్ పోస్టాఫీసు మెట్ల దాకా ఎవరమూ మాట్లాడలేదు. అక్కడ కూర్చున్న తరువాత వాడే అన్నాడు: "వాడన్నది మొత్తం అర్థమైందిరా. ఒక్క మాట కూడా తెలుగులోకి మార్చుకోలేదు." నిజమే. మా ముగ్గురికీ తర్జుమా లేకుండా, నేరుగా చెవినుంచి మనసులోకి దిగిన మొదటి ఇంగ్లీషు వాక్యం అదే. ఆ రాత్రి వాడు పద్దు పుస్తకంలో చొక్కా అని రాసి, కొనలేదు అని రాసి, ఎదురుగా సున్నా వేశాడు. 70 రూపాయలలో 25 ఉమ్మడి పుస్తక నిధికి జమ కట్టి, తక్కినది తిరుగు మనియార్డరు చేశాడు. అది అభిమానమో పట్టుదలో ఈనాటికీ మేము తేల్చుకోలేదు. దసరాకు ముగ్గురమూ పాత చొక్కాలతోనే ఊరికి వెళ్ళాము.

ఆ పుస్తక నిధి ఖర్చయ్యేది ఆదివారం నాడు. ఆదివారం ఆబిడ్స్‌లో పెద్ద దుకాణాలకు సెలవు. మూసిన తలుపుల ముందు కాలిబాట ఖాళీగా ఉంటుంది. తెల్లవారుతూనే పాత పుస్తకాల వర్తకులు వచ్చి గోనె పట్టాలు, ప్లాస్టిక్ పట్టాలు పరిచి కుప్పలు పోసేవారు. పోస్టాఫీసు కూడలినుంచి కదిలితే రెండు వైపులా పుస్తకాలే. బదిలీ మీద ఊరు విడిచే అధికారుల ఇళ్ళనుంచి, మూతపడిన గ్రంథాలయాలనుంచి, చదువు ముగించినవారి గదులనుంచి పాత కాగితాల కొట్లకు తూకం మీద వచ్చినవి, అక్కడినుంచి ఏరుకుని ఇక్కడికి తెచ్చినవి. లోపలి పేజీలో ఎవరిదో పేరు, ఏదో పాఠశాల ముద్ర, పుట్టినరోజు శుభాకాంక్షలు, ఎండిన రావి ఆకు. ఒక నిఘంటువు మొదటి పేజీలో 1952 అన్న తేదీ, క్రింద ఒక తండ్రి కుమార్తెకు రాసిన రెండు పంక్తులు ఉన్నాయి. ఆ నిఘంటువు అక్కడికి ఎలా చేరిందోనని ముగ్గురమూ చాలాసేపు ఆలోచించి, ఎనిమిది రూపాయలకు కొన్నాము.

మా ఆస్థాన వర్తకుడు ఒక వృద్ధుడు. అందరూ చాచా అనేవారు. ఆయనకు ఇంగ్లీషు చదవడం రాదు. కాని తన కుప్పలో ఏ పుస్తకం విలువ ఎంతో తెలుసు. లావును బట్టి, అట్ట రంగును బట్టి, అంతకంటె ముఖ్యంగా కొనేవాని చేతిని బట్టి వెల చెప్పేవాడు. రెండు చేతులతో పట్టుకున్న పుస్తకానికి ధర ఎక్కువ. పట్టుకుని మరల పెట్టి మరల తీసిన పుస్తకానికి ఇంకా ఎక్కువ. రెన్ అండ్ మార్టిన్ వ్యాకరణం ఆయన భాషలో "మోటీ గ్రామర్". నార్మన్ లూయిస్ పుస్తకాన్ని లోపలి తెల్లని గీతల అభ్యాసాలు చూపి గుర్తుపట్టేవాడు. బేరమంతా దక్కనీలో: "క్యా హోనా?" "కిత్నేకు దేతే?" సరకు ఇంగ్లీషు, బేరం ఉర్దూ, డబ్బు లెక్క మాలో మేము తెలుగులో. ఇంగ్లీషు కొనడానికి మేము మొదట నేర్చుకున్నది ఉర్దూ అంటే అతిశయోక్తి కాదు.

చాచా మాకు ఒక ఏర్పాటు చేశాడు. కొన్న పుస్తకం చదివి మాపకుండా తిరిగి తెస్తే సగం ధరకు తీసుకుంటాడు. పది రూపాయల పుస్తకం నెలరోజులు చదివి తిరిగి ఇస్తే ఖర్చు ఐదు రూపాయలే. "పఢ్‌నే వాలేకు సస్తా, రఖ్‌నే వాలేకు మహెంగా" అనేవాడు. చదివేవానికి చవక, దాచుకునేవానికి ప్రియం అని. తిరిగి ఇవ్వవలసిన పుస్తకాన్ని మనిషి చదివే తీరు వేరు. రీడర్స్ డైజెస్ట్ పాత సంచికలు ఆ పద్ధతిలోనే తిరగవేశాము. వాటిలోని పదసంపద పరీక్షలో అంతకు ముందు కొన్నవారెవరో పెన్సిలుతో గుర్తులు పెట్టి ఉండేవారు. వారి మార్కులతో మా మార్కులు పోల్చుకోవడం ఒక వినోదం. నెలలు గడిచిన కొద్దీ ఆ అపరిచితులను మించడం మొదలైంది.

శాస్త్ర పుస్తకాల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. ఆ రోజులలో మావంటివారి చేతికి అందిన ఇంగ్లీషు పుస్తకాలు రెండు దేశాల చలవ. ఒకటి బ్రిటన్. ఆ ప్రభుత్వపు రాయితీతో ఇంగ్లీష్ లాంగ్వేజ్ బుక్ సొసైటీ పేరిట వచ్చే పాఠ్యపుస్తకాలు, అట్ట మీద ఇ.ఎల్.బి.ఎస్. అన్న అక్షరాలు, అసలు ధరలో చిన్న భాగం. ఆ పథకం 1997లో ఆగిపోయింది. రెండవది సోవియట్ దేశం. మాస్కోలోని మీర్ ప్రచురణాలయపు పుస్తకాలు విశాలాంధ్ర బుక్ హౌస్‌లో కొత్తవి దొరికేవి, కాలిబాట మీద పాతవి దొరికేవి. గట్టి అట్ట, కుట్టిన కాగితం, సినిమా టిక్కెట్టు స్థాయి ధర. ఇరోడోవ్ భౌతికశాస్త్ర సమస్యలు, పెరెల్మాన్ వినోద భౌతికశాస్త్రం మాకు అట్లా వచ్చినవే. 1991లో ఆ దేశం విడిపోయిన తరువాత ఆ ఊట ఎండిపోయింది. రష్యను నుంచి అనువదించిన ఇంగ్లీషు మాకు ఇంగ్లండు ఇంగ్లీషుకంటె సులభంగా అర్థమయ్యేది. జాతీయాలు ఉండవు, చమత్కారాలు ఉండవు, కర్త కర్మ క్రియ తిన్నగా నిలబడి ఉంటాయి. పరాయి భాషలోనుంచి వచ్చినవారికి పరాయివారు రాసిన ఇంగ్లీషే హితమేమో. లండను పండితులు దీనికి ఒప్పుకోకపోవచ్చును గాని, మా అభిప్రాయం నేటికీ అదే.

ఆబిడ్స్‌నుంచి బ్యాంక్ స్ట్రీట్ మీదుగా నడిస్తే కోఠీ. బట్టలు, పాత్రలు, గాజులకు సుల్తాన్‌బజార్ పెట్టింది పేరు. అక్కడ నోరున్నవానిదే రాజ్యం, ఇంగ్లీషుతో పని లేదు. కాని హైదరాబాదులోకి ఇంగ్లీషు అడుగుపెట్టిన గుమ్మం అదే. 1803 ప్రాంతంలో జేమ్స్ కిర్క్‌పాట్రిక్ కట్టించడం ప్రారంభించిన రెసిడెన్సీ భవనం, తరువాత కోఠీ మహిళా కళాశాలగా ప్రసిద్ధమై, నేడు చాకలి ఐలమ్మ మహిళా విశ్వవిద్యాలయంగా పిలువబడుతున్నది. దాని ఎదుటి అంగళ్ళను రెసిడెన్సీ బజారు అనేవారు. అక్కడ నిజాము చట్టం కాక ఇంగ్లీషువారి అధికారం చెల్లేది. వ్యాపారులు అందుకే అక్కడ చేరారు. శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం 1901లో పుట్టింది కూడా ఆ పేటలోనే. నిజాము రాజ్యంలో తెలుగు గ్రంథాలయం ఇంగ్లీషు నీడన మొలకెత్తడం చరిత్రలోని చిత్రాలలో ఒకటి. చేతిలో ఇంగ్లీషు పుస్తకం, జేబులో చిల్లర మిగలని ఆదివారాలలో మేము అక్కడికి వెళ్ళి తెలుగు పత్రికలు ఉచితంగా చదువుకునేవారము. ఒక పూట ఇంగ్లీషుతో కుస్తీ పట్టిన తరువాత తెలుగు అచ్చు చూస్తే ఎండలో నడిచినవానికి కుండనీళ్ళు దొరికినట్లు ఉండేది.

ఉద్యోగరీత్యా తరువాత వేరే నగరాలు తిరిగాము. మద్రాసులో పాత పుస్తకాలకు పేరుపడిన మూర్ మార్కెట్టు మేము హైదరాబాదు చేరిన సంవత్సరమే, 1985 మేలో, అగ్నికి ఆహుతైంది. కొత్త సముదాయంలోకి మారిన అంగళ్ళనే చూశాము. ఢిల్లీ దరియాగంజ్ ఆదివారపు సంత 2019లో వీధి వదిలి మహిళా హాట్ ఆవరణలోకి పోయింది. కలకత్తా కాలేజ్ స్ట్రీట్ దుకాణాలు చూస్తే ఆబిడ్స్ కాలిబాట పిల్ల కాలువలాగ కనబడుతుంది. ప్రతిచోటా కుప్ప పక్కన గొంతుకూర్చుని, పెదవులు కదుపుతూ వెనుక అట్ట చదివే పిల్లవాడు ఒకడు కనిపించేవాడు. వాని భాష తమిళమో వంగభాషో కావచ్చు. జేబులో చేయి పెట్టి నాణేలు లెక్కించే తీరు మాత్రం అంతటా ఒకటే.

మా మూడవవాడు ఇంజనీరు కాలేదు. 1987 ఫిబ్రవరిలో, ఇంటర్ రెండవ సంవత్సరం పరీక్షలకు కొద్ది రోజుల ముందు, తండ్రిగారికి పక్షవాతం వచ్చిందని కబురు అందింది. పరీక్షలు రాసి వెళ్ళమని మేము బతిమాలాము. ముగ్గురిలో లెక్కలలో మేటి వాడే. "కొట్టు మూతపడితే చెల్లెలి పెళ్ళి ఎట్లా?" అన్నాడు. ఆ రాత్రి ఉమ్మడి పుస్తకాలు పంచుకున్నాము. చాచాకు తిరిగి ఇవ్వక దాచుకున్నవి ముప్పయి ఆరు ఉన్నాయి. వంతుకు పన్నెండు. వాడు ఇరోడోవ్ తీసుకుంటాడనుకున్నాము. తీసుకోలేదు, మీకు కావాలి కదా అన్నాడు. 1952 నాటి నిఘంటువు, వ్యాకరణం, పద్దు పుస్తకం తీసుకున్నాడు. బస్సు ఎక్కేముందు చాచాను ఒకసారి చూసి వస్తానన్నాడు గాని, ఆ రోజు ఆదివారం కాదు.

వాడు చిల్లర కొట్టును కొన్నేళ్ళలో ఎరువులు, పురుగుమందుల దుకాణంగా మార్చాడు. పురుగుమందుల డబ్బాలు చూసినవారికి తెలుసు, దాని మీది అక్షరాలు చీమ తలలంత ఉంటాయి, అందులోనూ ఎక్కువభాగం ఇంగ్లీషు. వజ్రాకారపు గుర్తు క్రింది సగంలో ఎరుపు ఉంటే అత్యంత విషపూరితం, తరువాత వరుసగా పసుపు, నీలం, ఆకుపచ్చ. ఎంత మందుకు ఎన్ని లీటర్ల నీరు, చల్లిన తరువాత ఎన్ని రోజులకు కోత కోయాలి, పొరపాటున లోపలికి పోతే విరుగుడు ఏమిటి అన్నవన్నీ ఆ చీమతలల్లోనే ఉంటాయి. వాడు ప్రతి డబ్బా పైది చదివి రైతుకు తెలుగులో చెప్పి, చీటీ మీద పెద్ద అక్షరాలతో రాసి ఇస్తాడు. కొత్త మందు వచ్చినప్పుడు తెలియని మాట ఉంటే పాత నిఘంటువు తీస్తాడు. దానిలో లేకపోతే మా ఇద్దరిలో ఎవరికో ఒకరికి ఫోను చేస్తాడు. పెద్ద చదువులు చదివిన మేము రోజంతా ఇంగ్లీషులో నోట్‌షీట్లు రాస్తాము. వాని ఇంగ్లీషు చేసే పని మా నోట్‌షీట్లు చేయవు. ఎరుపు డబ్బా అడిగిన మనిషి ముఖంలో ఏదైనా తేడా కనిపిస్తే సరకు అయిపోయిందని చెప్పి పంపుతాడు. ఆ పద్దు ఏ పుస్తకంలోనూ రాయడు.

క్రిందటి ఏడాది సరకు పనిమీద వాడు హైదరాబాదు వచ్చినప్పుడు ముగ్గురమూ ఒక ఆదివారం ఆబిడ్స్ వెళ్ళాము. మెట్రోలో ఇప్పుడు నారాయణగూడనుంచి సుల్తాన్‌బజార్ ఒకే ఒక్క స్టేషను. కూర్చునే లోపలే దిగవలసి వచ్చింది. ఓరియెంట్ హోటలు లేదు. చాచా లేడన్నది వేరుగా చెప్పనవసరం లేదు. కాలిబాట మీద పుస్తకాలు ఉన్నాయి, మునుపటికంటె తక్కువ. పోటీ పరీక్షల పుస్తకాలు ఎక్కువ. యువ వర్తకులు వెల చెప్పేముందు ఫోనులో కొత్త పుస్తకం ధర చూసుకుంటున్నారు. కొనేవారూ చూసుకుంటున్నారు. ఇద్దరికీ ఒకే అంకె తెలిసిన తరువాత బేరానికి మిగిలేది తక్కువ. అయినా మావాడు ఒక పుస్తకాన్ని ఒంటి చేత్తో, అంటీముట్టనట్లు పట్టుకుని, ముందు పక్క పుస్తకం ధర అడిగాడు. 120 చెప్పిన పుస్తకం 80కి వచ్చింది. మనుమరాలికట.

వెళ్ళదలచిన సహోద్యోగులకు ఒకటి రెండు సంగతులు. ఉదయం పది గంటలకు చేరుకుంటే ఎండ ముదరకముందే చూడవచ్చును. మెట్రోలో వచ్చేవారు నాంపల్లిలో దిగినా నడక దూరమే. ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలుంటే చేతికి రెండు వందల రూపాయలు ఇచ్చి, ఏమి కొనాలో చెప్పకుండా వదిలి, పెద్దలు దగ్గరలోని ఇరానీ హోటలులో చాయ్ తాగుతూ కూర్చోవడం ఉత్తమం. డబ్బు నోట్లుగానే ఇవ్వాలి, పది ఇరవై రూపాయల చిల్లరగా. ఫోనుతో కూడా చెల్లించవచ్చును గాని, ఇంతే ఉంది అని చెప్పి ఖాళీ జేబు చూపించే సౌకర్యం ఫోనులో లేదు.